ఆకు రాల్చు పూలపొదల పోషణ

మన తుర్కయంజాల్ ప్రాంతమందలి రైతుసోదరులు కొందఱు ప్రతి సంవత్సరము మాఘ ఫాల్గుణ మాసములలో ఒకే ప్రశ్న యడుగుచుందురు: “మా వాకిటిలోని పారిజాతము ఎండిపోయినది, తీసివేయవచ్చునా?” మఱికొందఱు అడుగకయే పెఱికివేయుదురు. అయిదాఱేండ్లు పెంచిన మొక్క యీ తొందరపాటువలన ఒక్క పూటలో పోవును. ఆకు రాల్చిన చెట్టెల్ల చచ్చిన చెట్టు కాదు. ఈ సంగతిని విశదపఱచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆకు ఏల రాలును?
మొక్క వేళ్లతో పీల్చు నీటిలో అధికభాగము ఆకులగుండ ఆవిరియై పోవును. మన యెఱ్ఱచెల్క నేలలు నీటిని చాలకాలము నిలుపుకొనజాలవు. మృగశిర కార్తెలో మొదలగు వానలు ఆశ్వయుజముతో తగ్గిపోవును. పిమ్మట నేల క్రమముగా ఆఱును. శీతదేశములందలి చెట్లు చలికి ముందు ఆకు రాల్చును. మన దేశపు చెట్లలో ననేకములు నీటి యెద్దడికి రాల్చును. తొడిమ మొదట పలుచని పొర యేర్పడి, ఆకును విడదీసి, ఆ గాయమును మూసివేయును. ఇది రోగము కాదు. మొక్క చేసికొను పొదుపు.

బ్రతికియున్నదో లేదో తెలియుటకు కొమ్మపై బెరడును గోటితో గీఱి చూడవలెను. లోపల పచ్చదన మున్నయెడల కొమ్మ సజీవము. గోధుమవన్నెగా ఎండియున్నయెడల క్రిందికి వచ్చి మరల గీఱవలెను. పచ్చదనము కానవచ్చువఱకు ఎండినభాగమును మాత్రమే కోయవలెను.

నీరు
ఆకు లేని మొక్కకు నీటి యవసరము స్వల్పము. పాపమని దినదినము అంట్లనీరు కుమ్మరించువారు వేళ్లను కుళ్లబెట్టుచున్నారు. విశేషించి దేవగన్నేరు ఈ కాలమున తడికి ఓర్వదు. నాటిన రెండేండ్లలోపు మొక్కలకు మాత్రము రెండు వారముల కొకసారి తడి యిచ్చిన చాలును. చిగురు కానవచ్చిన పిమ్మట నీటిని కొంచెముకొంచెముగా హెచ్చింపవలెను. బోర్లలో నీరు అడుగంటు వేసవియందు ఈ పొదుపు మనకును లాభమే.

కత్తిరింపు
కత్తి పట్టుటకు ముందు పువ్వు ఏ కొమ్మపై వచ్చునో తెలిసికొనవలెను. శీతదేశపు లైలాక్ పొద గడచిన యేటి కొమ్మలపై పూయును. కావున దానిని పూత ముగిసిన వెంటనే కోయుదురు. ఆలస్యమైనచో మరుసటి యేటి పూమొగ్గలే తెగిపోవును. మన పొదలలో పెక్కు క్రొత్త చిగుళ్లపై పూయును.

మల్లె: విశాఖ కార్తెలో నీరు ఆపి మొక్కను వాడనీయవలెను. మల్లెతోటలలో గొఱ్ఱెలను తోలి ఆకు మేపించుట మన రైతు లెఱిగిన పద్ధతియే. పెరటిలో చేతితో ఆకు దూసివేయవచ్చును. అనూరాధ కార్తెలో నేలకు మూరెడెత్తున కోసి, ఎరువువేసి, నీరు పెట్టినయెడల ఎండలు ముదురు వేళకు పూత నిండుగ వచ్చును.

గులాబి: చిత్త కార్తెలో, వానలు వెనుకబట్టిన పిమ్మట, ఎండుపుల్లలను, ఒకదాని నొకటి ఒరయు కొమ్మలను తీసివేయవలెను. బయటివైపునకు తిరిగిన మొగ్గకు పైన ఏటవాలుగా కోయవలెను. ఆఱేడు వారములలో పూలు వచ్చును.

పారిజాతము: భాద్రపదము మొదలు కార్తికమువఱకు పూయును. పూత ముగిసి ఆకు రాలిన పిమ్మట కోయవలెను. శ్రావణమున కోసినచో ఆ యేటి పూత పోయినట్లే.

దేవగన్నేరు: కొమ్మ చివరనే పూయును. చివరలు నఱికినచో పూలను నఱికినట్లే; అవసరమైన కొమ్మలనే తీయవలెను. కోసిన కొమ్మను నాటుటకు ముందు వారము దినములు నీడ నాఱనీయవలెను. దాని పాలు కంటబడకుండ జాగ్రత్త వహింపవలెను.

కోతగాయములు
గులాబికొమ్మ కోసినచోటినుండి నల్లబడి క్రిందికి ఎండుచు వచ్చుట పలువు రెఱిగినదే. దీనికి బోర్డో పేస్టు మంచి మందు. 100 గ్రాముల మైలుతుత్తము అరలీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నము మఱి యరలీటరు నీటిలోను వేఱువేఱుగ కలిపి, పిమ్మట రెంటిని చేర్చవలెను. మట్టి లేక ప్లాస్టిక్ పాత్రనే వాడవలెను. మెఱయు ఇనుపకత్తిని అందు ముంచినపుడు రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము. తయారైన దినముననే కోతలకు పూయవలెను.

ఎరువు
చిగురు తొడుగు వేళ బాగుగ చివికిన పశువులయెరువును, పెద్దపొదకు పది కిలోల చొప్పున, మొదలునకు జానెడు దూరమున వలయముగ వేసి మన్ను కప్పవలెను. పచ్చిపేడ వేయరాదు. రాలిన ఆకును తగులబెట్టక పాదులో పఱచినచో తేమ నిలుచును; రోగము సోకిన ఆకును మాత్రము ఏఱి దూరముగ పూడ్చవలెను.

పట్టణము మన పొలములదాక వచ్చినది, పెరళ్లు చిన్నవగుచున్నవి. మిగిలిన జానెడు నేలలో నొక మల్లెపొద యున్నను ఇంటి యాడువారికి వేసవియంతయు పూలు కొనవలసిన పని తప్పును. అకాలమున పడిన ఒక్క కత్తివ్రేటు ఆ యేడాది పూతను హరించును. కావున సభ్యులెల్లరు గోటితో గీఱి చూచిన పిమ్మటనే గొడ్డలి పట్టవలెనని మా మనవి.