శ్వాసకు కావలి

శస్త్రవైద్యుని కత్తికి రోగి వెరచు దినములు చాలవరకు గతించినవి. నేటి వెరపు ఆ తరువాత వచ్చు రాత్రిని గూర్చి. మత్తు విడిచిన వేళ మేల్కొను నొప్పిని మరల జోకొట్టుట యెట్లు?

చేతికి, కాలికి పోవు నరముల చెంత సూదితో బ్యుపివకైన్ వంటి మందు నెక్కించినచో ఆ యవయవము కొన్ని గంటలు మొద్దుబారును. ఆ గంటలను పొడిగించుటకై నల్లమందు జాతి మందును రవంత చేర్చుట యొక యుపాయము. అయితే ఆ జాతి మందులన్నియు ఒక్క తీరుగా పనిచేయవు. బ్యుప్రెనార్ఫిన్ చేర్చిన ఉపశమనము చాల గంటలు పెరుగునని పరీక్షలలో తేలినది. మార్ఫిన్, ఫెంటానిల్ విషయమున అంతటి నిశ్చయము లేదు. వెన్నులోని కెక్కించినపుడు మార్ఫిన్ మహిమ వేరు. సిజేరియను వేళ గ్రాములో పదివేలవ వంతు చాలును. బాలెంతకు ఇంచుమించు ఒక దినము నొప్పి తగ్గియుండును.

ఈ సుఖమునకు వెల కలదు. దురద, వాంతి తరచుగా వెంట వచ్చును. అంతకంటె భయంకరమైనది శ్వాస మందగించుట. వెన్నులో చేరిన మార్ఫిన్ మెల్లగా మెదడు వైపు ప్రాకును. కనుక ఆ యపాయము గంటల తరువాత, రోగి హాయిగా నిదురించుచున్నదని బంధువులు తలచు వేళ రావచ్చును. అరుదే యైనను, చూచువారు లేని చోట అది ప్రాణాంతకము.

ఈ హెచ్చరిక మన సీమకు క్రొత్త కాదు. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రాపున హైదరాబాదులో రెండు క్లోరోఫారం పరిశోధక సంఘములు పనిచేసినవి. వానికి మూలపురుషుడైన డాక్టరు ఎడ్వర్డ్ లారీ, మత్తునిచ్చువాడు నాడిని విడిచి శ్వాసనే చూడవలెనని బోధించెను. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదన్న ఆయన సిద్ధాంతమును 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధనలు త్రోసివేసినవి. కాని నల్లమందు జాతి మందుల విషయమున ఆ బోధ అక్షరాల చెల్లును.

ఆ నిజాము పేర వెలసిన మహబూబ్‌నగర్ జిల్లా నుండియే 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడినవి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందు, 2024లో గద్వాలయందు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. నల్లమల పెంటల నుండి వచ్చు బాలెంతకైనను, కృష్ణాతీరపు రైతుకైనను శస్త్రచికిత్స చేరువైనది. ఇక కావలసినది ఆ రాత్రి కావలి. వేళ తప్పక శ్వాసలు లెక్కించు నర్సు, రక్తములోని ప్రాణవాయువును కొలుచు పరికరము, విరుగుడుగా నలోక్సోన్, ఈ మూడును మంచము చెంత నున్నప్పుడే ఆ చిన్ని మోతాదు వరమగును. నొప్పి లేని నిద్రను ప్రసాదించిన వైద్యము, ఆ నిద్ర నుండి రోగిని మేల్కొలుపు బాధ్యతను గూడ వహింపవలెను.