నల్లమల అంచున క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక: గుర్తింపు, పరిశీలన

వానాకాలం ముగిసే రోజులలో నంద్యాల నుండి మహానందికి, ఆళ్ళగడ్డ నుండి అహోబిలానికి సాగే దారులలో, నల్లమల కొండలు మొదలయ్యే చోట, నల్లని రెక్కలపై ఎర్రని మచ్చలు గల పెద్ద సీతాకోకచిలుకలు లాంటానా పూలపై కానవస్తాయి. చూపరులు వీటన్నిటినీ ఒకే జాతిగా భావించడం కద్దు. వాస్తవానికి ఇందులో రెండు జాతులు కలిసి ఉండవచ్చు. ఒకటి క్రిమ్సన్ రోజ్. శాస్త్రీయ నామం పాక్లియోప్టా హెక్టర్. 1758లో లిన్నేయస్ దీనిని వర్ణించాడు. రెండవది దానిని అనుకరించే కామన్ మార్మన్ ఆడది, అనగా పాపిలియో పాలిటిస్. బత్తాయి, నిమ్మ ఆకులను తినే గొంగళిపురుగు ఈ రెండవదాని సంతతియే.

రెక్కలను బట్టి వీటిని వేరుచేయబూనడం కష్టం. రెండింటికీ ముందురెక్కలపై తెల్లని పట్టీలు, వెనుకరెక్కలపై ఎర్రని మచ్చల వరుసలు, తోకలు ఉంటాయి. చూడవలసినది దేహం. క్రిమ్సన్ రోజ్ తల, ఉదరం స్పష్టమైన ఎరుపు రంగులో ఉంటాయి. మార్మన్ దేహం పూర్తిగా నలుపు. ఈ ఒక్క లక్షణం చాలును. రోజ్ తొందరలేక నిదానంగా ఎగురుతుంది. మార్మన్ బెదిరినంతనే వేగంగా, వంకరటింకరగా పారిపోతుంది.

రోజ్ నిదానానికి కారణం దాని విషమే. దీని గొంగళిపురుగు ఈశ్వరి తీగను, గాడిదగడపాకును తిని, వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లాలను దేహంలో నిలువచేసుకొంటుంది. ఒకమారు రుచి చూసిన పక్షి మరల దాని జోలికి పోదు. విషం లేని మార్మన్ ఆడది ఆ వేషంతోనే బ్రతుకుతుంది. ఇట్టి అనుకరణను 1862లో బేట్స్ వివరించాడు. మార్మన్ ఆడవాటిలోనూ కొన్ని మగవాని రూపంలోనే ఉంటాయి. ఈ భేదాలను డబుల్‌సెక్స్ అనే జన్యువు నియంత్రిస్తుందని 2014లో వెల్లడైంది. (ఈ ఆమ్లాలు మానవుల మూత్రపిండాలకు హానికరం, క్యాన్సర్ కారకం. ఈశ్వరిని నాటు మందుగా వాడేవారు ఈ సంగతి ఎరుగవలె.)

గొంగళిపురుగు దశలో పొరపాటుకు తావు లేదు. ముదురు ఊదా నలుపు దేహంపై నారింజ ఎరుపు బొడిపెలు గలది రోజ్. అది నిమ్మజాతి చెట్లను ముట్టదు. లేతదశలో పక్షి రెట్టవలె, ఎదిగిన పిదప ఆకుపచ్చగా నిమ్మ, కరివేపాకు చెట్లపై కనిపించేది మార్మన్. అది నారుమడులకు, లేత మొక్కలకు నష్టం చేయగలదు. కొద్దిపాటి మొక్కలున్నచోట ఏరివేత చాలును, మందు పిచికారీ అనవసరం.

గాడిదగడపాకు నల్లరేగడి చేలలో కలుపుగా పెరిగే మొక్క. పంట నడుమ దానిని తీసివేయడం సబబే. కాని గట్లమీద, డొంకల వెంబడి సైతం కలుపుమందు కొట్టి నిర్మూలిస్తే కొండ దిగి వచ్చిన రోజ్ గుడ్లు పెట్టే చోటు కరువవుతుంది. పంటకు ఏ హానీ చేయని పురుగు విషయంలో ఇది అకారణ నష్టం.

పరిశీలనకు ఉదయపు ఎండ అనుకూలం. పూలపై వాలినప్పుడు కూడ రోజ్ రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది గనుక దేహాన్ని చూడడానికి కొంత ఓపిక కావాలి. పక్కవైపు నుండి చూస్తే ఉదరపు ఎరుపు బాగా తెలుస్తుంది. మునిమాపున ఇవి గుంపుగా ఒకే కొమ్మపై చేరి నిద్రిస్తాయి. అప్పుడు లెక్కించడం సులభం. అభయారణ్య పరిధిలో అనుమతి లేక వల వేయరాదు. బైనాక్యులర్, ఫోటో సరిపోతాయి. తేదీ, స్థలం, వాలిన మొక్క పేరు, దేహపు రంగు, ఈ నాలుగూ రాసుకొన్న నమోదు పరిశోధనకు పనికివస్తుంది.