డుమ్మా కాదు... ఇంటి బడి!

మంగళవారం ఉదయం పదకొండు గంటలు. ఇంగ్లండ్‌లో ఓ చిన్న పట్నం. పదేళ్ల కుర్రాడు లైబ్రరీకని బయల్దేరాడు. బజారు మలుపులో ఓ పోలీసు, ఆయన పక్కన విద్యాశాఖ ఉద్యోగి. 'బాబూ, ఈ టైములో బడిలో ఉండాలిగా?' అని అడుగుతారు. 'నేను ఇంట్లోనే చదువుకుంటా' అంటాడు వాడు. నమ్మితే సరే. నమ్మకపోతే... పేరు, చిరునామా, అమ్మకు ఫోను, చుట్టూ ఆగి చూసే జనం!

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే అక్కడి కుటుంబాలకు ఈ భయం కొత్తదేం కాదు. 1998లో వచ్చిన 'క్రైమ్ అండ్ డిజార్డర్ యాక్ట్' బడివేళల్లో వీధుల్లో తిరిగే పిల్లల్ని తీసుకెళ్లి బడిలో అప్పగించే అధికారం పోలీసులకిచ్చింది. 2000 తర్వాత ఈ గాలింపులు జోరందుకున్నాయి. నిజానికి ఇంటి చదువు పిల్లలకు అది వర్తించదు. ఏ బడి రిజిస్టర్లోనూ పేరు లేనివాడు డుమ్మా ఎలా కొడతాడు? ఇంట్లో చదువుతున్నట్టు తేలితే వదిలేయమనే ప్రభుత్వ మార్గదర్శకాలూ చెప్పాయి. కానీ మొహం చూసి రిజిస్టర్లో పేరుందో లేదో చెప్పడం ఏ పోలీసుకి సాధ్యం? అందుకే కొందరు తల్లిదండ్రులు పిల్లల జేబులో ఓ కార్డు పెట్టి పంపేవారు. ఏ తప్పూ చేయలేదని చూపించుకునే కార్డన్నమాట!

'మరో విధంగా...'

ఇంగ్లండ్‌లో చదువు తప్పనిసరి. బడి కాదు. పిల్లల్ని బడికి పంపిగానీ మరో విధంగాగానీ చదివించాలని 1944 నాటి విద్యాచట్టం చెప్పింది. 1996 చట్టంలోనూ ఆ మాట అలాగే ఉంది. ఆ 'మరో విధంగా'నే ఇంటి చదువులకు ప్రాణం. 1977లో ఇలాంటి తల్లిదండ్రులు పెట్టుకున్న సంస్థ పేరు 'ఎడ్యుకేషన్ అదర్‌వైజ్' కావడం అందుకే. చదువు చెప్పడానికి అమ్మకి డిగ్రీ అక్కర్లేదు. టైంటేబులూ జాతీయ సిలబస్సూ అక్కర్లేదు. వయసుకీ సామర్థ్యానికీ తగిన చదువైతే చాలు. సరిగ్గా చెప్పడం లేదని స్థానిక అధికారులకు అనిపిస్తే మాత్రం నోటీసు ఇస్తారు. సంజాయిషీకి కనీసం పదిహేను రోజుల గడువు. తృప్తి కలగకపోతే ఫలానా బడిలో చేర్చమని ఆర్డరు. కాదంటే కోర్టు, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా.

బడిలో పేరున్న పిల్లల సంగతి వేరు. అక్కడ లెక్కంతా హాజరుదే. 2002లో బాన్‌బరీలో ఇద్దరు కూతుళ్లు బడికి సరిగా వెళ్లడం లేదని ఓ తల్లిని ఏకంగా జైలుకే పంపారు. దేశమంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత 2004 నుంచి నేరుగా జరిమానా నోటీసులు ఇవ్వడం మొదలైంది. 2024 ఆగస్టులో ఆ మొత్తాన్ని 80 పౌండ్లకు పెంచారు. ఇరవై ఒక్క రోజుల్లో కట్టకపోతే 160. అదీ తల్లికి వేరు, తండ్రికి వేరు, ఒక్కో బిడ్డకూ వేరు!

అసలు తిరకాసు ఇక్కడే. తోటిపిల్లల వేధింపులకో, పరీక్షల ఒత్తిడికో హడలిపోయి 'బడి' అంటేనే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలుంటారు. వాళ్లని గేటు దాకా కూడా తీసుకెళ్లలేని తల్లికి ఓ పక్క జరిమానా భయం. మరోపక్క ఒక్క ఉత్తరం. మామూలు బడికైతే 'ఇకపై ఇంట్లోనే చదివిస్తాం' అని రాసిస్తే చాలు, పేరు తీసేస్తారు. హాజరు గొడవ ఆ రోజుతో సరి. ఇలా చేరినవాళ్లది ఇష్టపడి ఎంచుకున్న ఇంటి చదువు అనగలమా? ఉద్యోగం మానుకుని బిడ్డ పక్కన కూర్చునేది చాలాసార్లు అమ్మే. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల ఫీజులూ సొంతంగానే కట్టుకోవాలి. 2024 చివర్లో ఇంగ్లండ్‌లో ఇంటి చదువు పిల్లలు 1,11,700 మందని అంచనా వేశారు. అంతకుముందు ఏడాది అది 92,000.

మరి అధికారుల భయమో? అదీ కొట్టిపారేసేది కాదు. 2023 ఆగస్టులో వోకింగ్‌లో పదేళ్ల పాప ఇంట్లోనే హత్యకు గురైంది. ఇంట్లో చదివిస్తామంటూ అంతకు కొన్ని నెలల ముందే ఆమెను బడి మాన్పించారు. గాయాలు చూసే టీచరు లేకుండా పోయారు. కన్నతండ్రీ సవతితల్లీ హంతకులని 2024 డిసెంబరులో కోర్టు తేల్చింది. ఆ నెలలోనే బడి బయటున్న పిల్లలందరి పేర్లతో రిజిస్టరు ఉండాలంటూ పార్లమెంటులో బిల్లు పెట్టారు. 2010లో ఎన్నికల ముందు ఇలాంటి ప్రయత్నమే వీగిపోయింది.

పేరు రాయించడానికి చాలామందికి అభ్యంతరం లేదు. పేచీ వివరాల దగ్గరే. అమ్మ ఎంతసేపు చెబుతోందో, నాన్న ఎంతసేపు చెబుతున్నాడో విడివిడిగా రాయమంది ఆ బిల్లు. ఆదివారం నాన్నతో కలిసి కేకు చేస్తూ పావు, అర, ముప్పావు కొలతల్లో భిన్నాలు నేర్చుకుంటే ఆ గంటని ఏ గడిలో రాయాలి?