కళాకారునికి ప్రభుత్వ సహాయము: అర్జీ వ్రాయు విధానము

రాజులు కళలను పోషించిన కాలమున అర్జీ అనునది లేకపోలేదు. కవి ఆస్థానమునకు పోయి తన కావ్యమును వినిపించుటయే ఆనాటి అర్జీ. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆ ప్రభువునకే అంకితమిచ్చినాడు. పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెనుగున రచించిన యయాతి చరిత్రకు కృతిభర్త అమీన్ ఖాన్. తానీషా కూచిపూడి గ్రామమును నాట్యకుటుంబములకు దానమిచ్చిన కథ మనలో ఎరుగనివారు లేరు. ఉర్దూ, తెలుగు పక్కపక్కన చదువుకొనే మన కళాశాలలో ఈ సంగతులను తలచుకొనుటకు మరొక కారణము అక్కరలేదు.

స్వాతంత్ర్యానంతరము ఆ ప్రభువుల స్థానమును ప్రజల పన్నుల సొమ్ము తీసుకొన్నది. 1950 దశకపు తొలి సంవత్సరములలో సంగీత నాటక అకాడమీ, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ ఏర్పడినవి. కూచిపూడికి వ్రాసిన దానము ఒక సమూహమునకు ఇచ్చినది; ఈ కొత్త ఏర్పాటులో వ్యక్తిగా ఒక్కొక్క కళాకారునికి సాయమడుగు హక్కు కలిగినది. ఐతే హక్కు ఉన్నంత మాత్రమున సొమ్ము ఇల్లు వెదకుకొని రాదు. కాగితము వ్రాయవలెను. మన విద్యార్థులలో పాడగలవారు, గీయగలవారు, రంగస్థలముపై నిలువగలవారు ఉన్నారు. కాగితము వ్రాయగలవారు మాత్రము అరుదు. అర్హత ఉండి కూడ గడువు దాటిపోవుట వలననో, ఒక ధ్రువపత్రము లేకపోవుట వలననో వెనుకబడిన పిల్లలను మేము ఏటేటా చూస్తున్నాము. అందువలన ఈ విషయమును కొంత వివరముగా చెప్పదలచినాము.

మొదట ఒక తేడాను గ్రహించవలెను. పురస్కారము గడచిన పనికి ఇచ్చే గౌరవము. పింఛను వృద్ధ కళాకారుని జీవనమునకు. ఋణము తిరిగి కట్టవలసినది. మేము ఇక్కడ చెప్పుచున్నది ఈ మూడూ కాదు. ముందు చేయబోవు సాధనకు, పరిశోధనకు ప్రభుత్వము ఇచ్చే వేతనము. దీనిని తిరిగి చెల్లించనక్కరలేదు గాని, చెప్పిన పని చేసి చూపవలెను. పురస్కారము కొరకు వ్రాసినట్లు పొందిన బిరుదులను, సన్మానములను వరుసగా పేర్చి ఈ అర్జీని నింపువారు కలరు. న్యాయనిర్ణేతలు అడుగునది అది కాదు. ఈ సొమ్ముతో ఏమి చేయుదువు అని.

కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ వారి పథకములు మన వయసువారికి ముఖ్యమైనవి. 18 నుండి 25 సంవత్సరముల లోపు యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు ఉపకార వేతనము గలదు. శాస్త్రీయ సంగీతము, నృత్యము, నాటకము, చిత్రలేఖనము, శిల్పము, జానపద కళలు, తోలుబొమ్మలాట వంటివి దీని పరిధిలోనివి. గజలు, ఖవ్వాలీ కూడ లలిత శాస్త్రీయ సంగీతమను శీర్షిక క్రింద ఇందులో చేరినవని మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. ఆపై 25 నుండి 40 వరకు జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. 40 దాటినవారికి సీనియర్ ఫెలోషిప్, నెలకు 20,000. ఇవి రెండును పరిశోధనాత్మకమైన పనికి. నిబంధనలు సవరింపబడుచుండును గనుక ఏ సంవత్సరపు అర్జీకి ఆ సంవత్సరపు ప్రకటననే చదువవలెను. గత సంవత్సరపు మిత్రుని మాట చాలదు. 1979లో స్థాపింపబడిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రము ఈ పథకముల నిర్వహణ చూచును. ఆ సంస్థ వెబ్‌సైటులో ప్రకటనలు వెలువడుచుండును. హైదరాబాదు మాదాపూరులో దాని ప్రాంతీయ కేంద్రము ఉన్నది. 10 నుండి 14 ఏండ్ల బాలబాలికలకు వేరొక వేతనమును కూడ ఆ సంస్థయే ఇచ్చుచున్నది. ఇంట తమ్ముళ్ళు, చెల్లెండ్రు ఉన్నవారు దానిని గమనించుట మంచిది.

ఉర్దూలో వ్రాయువారికి ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి ద్వారాను, రాష్ట్ర ఉర్దూ అకాడమీల ద్వారాను వ్రాతప్రతుల ముద్రణకు పాక్షిక సహాయము లభించు మార్గములు కలవు. రాష్ట్ర సంస్థలను నమ్ముకొనువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాహిత్య, సంగీత, నాటక, లలిత కళా అకాడమీలను రద్దు చేసినది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడువరకు ఆ పనులకు తగిన నిలయమే లేకపోయినది. ఒక్క ద్వారమునే పట్టుకొని కూర్చొనుట తెలివి కాదని ఆ రెండేండ్లు నేర్పినవి.

ఇక అర్జీ విషయము. యువ కళాకారుల వేతనమునకు కనీసము ఐదేండ్లు గురువు వద్దనో, సంస్థలోనో శిక్షణ పొంది ఉండవలెనను నియమమున్నది. ఇక్కడనే మనవారు చిక్కుకొందురు. నాదస్వర విద్వాంసుల కుటుంబములలో, ఖవ్వాలీ పాడు ఇండ్లలో, బుర్రకథ దళములలో తండ్రియో మేనమామయో గురువు. ఆయన విద్య గొప్పది, ముద్రవేసిన కాగితము లేదు. కారవది గ్రామమున పుట్టిన షేక్ చినమౌలానా, పొన్నెకల్లు వాడైన షేక్ నాజర్ వంటివారి విద్య ఇల్లు, గురువు, ఊరు అను మూడింటి మధ్య పెరిగినది. చినమౌలానాకు 1977లోను, నాజర్‌కు 1986లోను పద్మశ్రీ వచ్చినది. వారి శిష్యుల తరమువారికి మాత్రము మొదటి మెట్టుననే ధ్రువపత్రము కావలెను. గురువు తండ్రియైనను సరే, ఆయన ఎన్నేండ్లుగా, ఏ కళను, వారమునకు ఎన్ని దినములు నేర్పుచున్నాడో స్పష్టముగా వ్రాయించి సంతకము చేయించుకొనవచ్చును. ఆయనకు వ్రాత రాకున్నచో మరొకరు వ్రాసి, చదివి వినిపించి, వ్రేలిముద్ర వేయించి, ఊరి పెద్దలో, పాఠశాల ప్రధానోపాధ్యాయుడో సాక్షి సంతకము చేయుట మేలు. ఆయన పాల్గొన్న కచేరీల కరపత్రములు, ఉరుసులకు, జాతరలకు వచ్చిన పిలుపు ఉత్తరములు జతపరచినచో గురువునకు గల స్థాయి తెలియును.

రెండవ చిక్కు మన పేర్లది. పదవ తరగతి మార్కుల పత్రములో షేక్ అని ఒక స్పెల్లింగు, ఆధార్ కార్డులో మరొకటి, బ్యాంకు పుస్తకములో మూడవది. తండ్రి పేరు ఉర్దూ పాఠశాల రికార్డులో ఒక విధముగా, తెలుగు పాఠశాల రికార్డులో వేరొక విధముగా ఉండును. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. వేతనము మంజూరైన తరువాత ఈ తేడా బయటపడినచో సొమ్ము బ్యాంకు వరకు వచ్చి తిరిగిపోవును. అర్జీకి ఆరు నెలల ముందే వీటిని సరిచేయించుకొనవలెను. కళకు సంబంధించని విషయమని దీనిని తేలికగా తీసుకొనరాదు. మా అనుభవములో ఇంతకంటె ఎక్కువ నష్టము చేసినది మరొకటి లేదు.

ఫెలోషిప్ కొరకు వ్రాయువారు తమ పని ప్రణాళికను వివరించవలెను. 'కళామతల్లికి సేవ చేయదలచినాను, జానపద కళలను ఉద్ధరించెదను' అను వాక్యములు సభలకు సొంపుగా ఉండును, అర్జీకి పనికిరావు. ఉదాహరణగా పీర్ల పండుగ పాటలను తీసుకొందము. పల్లెలలో అలావా చుట్టు హిందువులు, ముస్లిములు కలిసి తెలుగున పాడు ఈ పాటలు వృద్ధుల నోట మిగిలియున్నవి. దీనిపై పని చేయదలచినవాడు ఏ మండలములోని ఏ ఊళ్ళకు పోవును, మొదటి ఆరు నెలలలో ఎందరి వద్ద పాటలు ధ్వనిముద్రణ చేయును, తరువాతి ఆరు నెలలలో పాఠభేదములను ఎట్లు పోల్చును, వరుసలను స్వరలిపిలో వ్రాయునా లేదా, రెండవ యేట ఆ ముద్రణలు ఏ గ్రంథాలయమునకు చేరును అను విషయములను వ్రాయవలెను. ముహర్రం చాంద్రమానపు నెల గనుక ప్రతి సంవత్సరము సుమారు పదకొండు దినములు ముందుకు జరుగును. ప్రణాళికలో ఆ తేదీని సరిగా చూపినవాడు ఆ పనిని నిజముగా ఆలోచించినాడని పరిశీలకునకు వెంటనే తెలియును. ఊళ్ళ పేర్లు, మనుషుల సంఖ్య, నెలల లెక్క ఇవే అర్జీకి బలము. వినయము చూపుచు తన విద్యను తక్కువ చేసి వ్రాయుట కూడ మనవారిలో ఒక అలవాటు. గురువు ఎదుట అది శోభ. న్యాయనిర్ణేత ముందున్న కాగితముపై అది నష్టము.

సొమ్ము చేతికి వచ్చు తీరు కూడ తెలిసియుండవలెను. యువ కళాకారుల వేతనము ప్రతి నెల రాదు. ఆరు నెలలకు ఒకమారు 30,000 చొప్పున నాలుగు విడతలు. రెండేండ్లకు మొత్తము 1,20,000. మధ్యలో ప్రగతి నివేదిక పంపవలెను. అది ఆలస్యమైనచో విడత ఆలస్యమగును. కనుక వేతనము వచ్చునన్న నమ్మకముతో ముందుగా అప్పుచేసి వాయిద్యము కొనుట మంచిది కాదు. ఒకసారి ఈ వేతనము పొందినవారు అదే వేతనమునకు మరల అర్హులు కారు. అందుచేత పద్దెనిమిదవ యేటనే తొందరపడి అసంపూర్ణముగా వ్రాయుటయా, ఇరువది రెండవ యేట సిద్ధపడి వ్రాయుటయా అను ప్రశ్నకు మా సమాధానము రెండవదే. కాని ఇరువది నాలుగు దాటనీయరాదు.

ఎంపికలో నిపుణుల సమితి ఎదుట పాడి, ఆడి, గీసి చూపవలసి ఉండును. అక్కడ అడుగు ప్రశ్నలకు భయపడవలసినది లేదు. గురుపరంపర ఏది, ఈ రాగమునే ఎందుకు ఎన్నుకొన్నావు అని అడుగుదురు. గజలు పాడువాడు ఆ షేరు అర్థమును చెప్పలేకపోయినచో చూచువారికి బాధ కలుగును. మన తెలుగు విభాగపు విద్యార్థులు ఉర్దూ విభాగపు మిత్రులను ఆశ్రయించుటకు ఇదియొక సందర్భము.

కళాశాల సమితివారికి మా విన్నపము చిన్నది. గ్రంథాలయములో ఒక అలమారలో ఈ పథకముల ప్రకటనలను ఏటేటా కుట్టించి ఉంచవలెను. ఒక అధ్యాపకుడు, రెండు భాషలను చదువగలవాడు, వారమునకు ఒక గంట అర్జీలను చూచుటకు కూర్చొనవలెను. వార్షికోత్సవమున పాడిన, నటించిన ప్రతి విద్యార్థికి తేదీ, కార్యక్రమము పేరు, పాత్ర వ్రాసి ముద్రవేసిన పత్రము ఆ వారములోనే ఇవ్వవలెను. మూడేండ్ల తరువాత అడిగినచో గుర్తున్నవారు ఉండరు. ఛాయాచిత్రముల వెనుక తేదీ, స్థలము, కనిపించువారి పేర్లు పెన్సిలుతో వ్రాసి ఆ అలమారలోనే భద్రపరచవలెను.