వెబ్‌సైటును డైరెక్టరీల్లో చేర్చడం: ప్రయోజనం ఎంత?

రాష్ట్రేతర ప్రాంతాల్లోని తెలుగు సంఘాలు, కళాశాలల తెలుగు శాఖలు ఇప్పుడు సొంత వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. సైటు వెలువడగానే, కొంత రుసుము చెల్లిస్తే వందలాది డైరెక్టరీల్లో దాని పేరు చేర్చి గూగుల్‌లో ముందు వరుసకు తెస్తామని చెప్పేవారు ఎదురవుతారు. సంఘాల నిధులు పరిమితం. కనుక ఈ పని ఎంతవరకు అవసరమో విద్యార్థులు తెలుసుకోవడం మంచిది.

డైరెక్టరీ అంటే గ్రంథాలయంలోని విషయవారీ కార్డుల పెట్టె వంటిది. గ్రంథపాలకుడు పుస్తకం చూసి కార్డు రాసినట్లే, డైరెక్టరీ సంపాదకుడు సైటును స్వయంగా చూసి, తగిన శీర్షిక కింద దాని పేరు, క్లుప్త పరిచయం చేరుస్తాడు. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తయారుచేసిన జాబితా యాహూగా ప్రసిద్ధి పొందింది. 1998లో మొదలైన డీమాజ్ డైరెక్టరీని స్వచ్ఛంద సంపాదకులు నడిపారు.

సెర్చ్ ఇంజన్ పద్ధతి వేరు. అందులో మనిషి బదులు ఒక ప్రోగ్రాము లింకుల వెంట పుటనుంచి పుటకు వెళ్తూ పాఠాన్ని సేకరిస్తుంది. 1998లో ఏర్పడిన గూగుల్, ఒక పుటకు ఇతర పుటలు ఇచ్చిన లింకులను సిఫారసులుగా లెక్కగట్టింది. పేరున్న డైరెక్టరీ ఇచ్చిన లింకుకు అందువల్ల విలువ పెరిగింది. వెంటనే లింకులు అమ్ముకోవడానికే పుట్టిన డైరెక్టరీలు వెలిశాయి. వాటిలో సైటును చూసేవాడూ లేడు, జాబితాను చదివేవాడూ లేడు.

డైరెక్టరీల్లో చేర్చమని తానే ఇచ్చిన సలహాను గూగుల్ 2008లో తొలగించింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో కృత్రిమ లింకులున్న సైట్లను వెనక్కు నెట్టింది. యాహూ డైరెక్టరీ 2014 చివర, డీమాజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి. డీమాజ్ వారసత్వాన్ని కర్లీ అనే డైరెక్టరీ కొనసాగిస్తోంది. నాసిరకం డైరెక్టరీల లింకులను గూగుల్ నేడు నిబంధనల ఉల్లంఘనగానే పరిగణిస్తోంది.

మరి మన సైటు నలుగురికీ కనబడాలంటే ఏం చేయాలి?

1. పాఠం యూనికోడ్‌లో ఉండాలి. సంఘాల సంచికలు చాలావరకు అను వంటి డి.టి.పి. ఫాంట్లలో కూర్చినవి. వాటిలో తెలుగు కంటికి మాత్రమే కనిపిస్తుంది; లోపల ఉండేవి వేరే అక్షరాల సంకేతాలు. అలాంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా ఉంచితే తెలుగులో వెతికేవారికి అది దొరకదు.

2. ఊరి పేరును అన్ని రూపాల్లో ఇవ్వాలి. మనం బరంపురం అన్నదాన్ని ఇతరులు బెర్హంపూర్ అంటారు. మద్రాసు అని వెతికేవారూ ఉన్నారు, చెన్నై అని వెతికేవారూ ఉన్నారు. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని మూడో తరం పిల్లల కోసం స్థానిక భాషలోనో ఇంగ్లీషులోనో చిన్న పరిచయం చేర్చాలి.

3. పుటలన్నిటి జాబితా అయిన సైట్‌మ్యాప్‌ను గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేయాలి. ఇది ఉచితం.

4. లింకులు కొద్దిగా ఉన్నా తగినచోట ఉండాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయం, పొరుగు రాష్ట్రాల తెలుగు సంఘాలు, తెలుగు శాఖలు ఇందుకు అనువైనవి. కర్లీకి ఒక దరఖాస్తు పంపినా నష్టం లేదు.

ఒక డైరెక్టరీలో చేరాలా వద్దా అన్న సందేహం వస్తే ఈ ప్రశ్న వేసుకుందాం: సెర్చ్ ఇంజన్లే లేకపోయినా ఎవరైనా ఈ జాబితాను తెరిచి చూస్తారా? చూస్తారనిపిస్తే చేరుదాం. లేకుంటే ఆ రుసుముతో పాత సంచిక ఒకదాన్ని యూనికోడ్‌లోకి ఎక్కిద్దాం. మన తాతల కాలపు రచనలు వెతికేవారికి దొరకడానికి అదే దగ్గరి దారి.