ఓట్లు తగ్గుతున్నా హిట్లర్‌కు పదవి ఎలా దక్కింది?

‘హిట్లర్‌ అధికారంలోకి రావడానికి కారణాలేంటి?’ తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం దగ్గర్నుంచి సివిల్స్‌ మెయిన్స్‌ ప్రిపరేషన్‌ దాకా తగిలే ప్రశ్నే ఇది. మనలో చాలామంది జవాబు కూడా ఒకటే: వెర్సయిల్స్‌ సంధి, ధరల మంట, ఆయన ఉపన్యాసాలు. నేనూ అలాగే బట్టీ పట్టా. ఉద్యోగంలో చేరాక ఒకటి నేర్చుకున్నా. సర్వర్‌ పడిపోతే ముందు లాగ్స్‌లో టైమ్‌ చూడాలి. ఏది ముందు, ఏది తర్వాత? ఈ ప్రశ్ననూ అలాగే చూద్దాం.

తేదీలు ఏం చెబుతున్నాయి?

వెర్సయిల్స్‌ సంధి 1919లో జరిగింది. 1923 నవంబరుకల్లా ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులైంది. అదే నెలలో మ్యూనిక్‌లో తిరుగుబాటుకు దిగిన హిట్లర్‌ ఆ తర్వాత జైలుకెళ్లాడు. మరి 1928 ఎన్నికల్లో నాజీలకు ఎన్ని ఓట్లొచ్చాయి? 2.6 శాతమే! అంటే పాత గాయాలొక్కటే ఆయన్ని గద్దెనెక్కించలేదు.

1929 అక్టోబరులో న్యూయార్క్‌ స్టాక్‌ మార్కెట్‌ కుప్పకూలింది. అమెరికా అప్పుల మీద నడుస్తున్న జర్మనీ కుదేలైంది. 1932 మొదట్లో నిరుద్యోగులు దాదాపు 60 లక్షలు. ప్రభుత్వమేమో ఖర్చులు కోసేసింది, పార్లమెంటును పక్కనపెట్టి అధ్యక్షుడి అత్యవసర ఉత్తర్వులతో పాలించింది. నాజీల ఓట్లు 1930లో 18.3 శాతానికి, 1932 జులైలో 37.3 శాతానికి ఎగబాకాయి.

ఓటేసింది ఎవరు?

ఉద్యోగం పోయినవాళ్లే అనుకుంటాం. కానీ పని పోయిన కార్మికుల్లో చాలామంది కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీల వెనక చిన్న రైతులు, దుకాణదారులు, మధ్యతరగతి ఎక్కువగా నిలిచారు. ‘రేపు మన వంతేనేమో’ అన్న భయం వాళ్లది. చదువుకున్నవాళ్లూ తక్కువేం తినలేదు. 1931లోనే జర్మన్‌ విద్యార్థి సంఘాల సమాఖ్య నాజీల చేతికి వెళ్లింది. ‘మీ కష్టాలకు యూదులే కారణం’ అన్న అబద్ధం వాళ్లకీ నచ్చింది.

తలుపు తీసిందెవరు?

1932 నవంబరు ఎన్నికల్లో నాజీల ఓట్లు 33.1 శాతానికి, సీట్లు 230 నుంచి 196కు పడిపోయాయి. అయినా మాజీ చాన్సలర్‌ పాపెన్‌, ‘మన చెప్పుచేతల్లో ఉంటాడు’ అనుకుని అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించాడు. 1933 జనవరి 30న హిట్లర్‌ చాన్సలరయ్యాడు. మంత్రివర్గంలో ఆయనతో కలిపి నాజీలు ముగ్గురే. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే పౌరహక్కులు రద్దు. మార్చి 23న పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసే అధికారం ఆయన చేతికొచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ ఓటేసింది సోషల్‌ డెమోక్రాట్లే. కమ్యూనిస్టులను అసలు సభకే రానివ్వలేదు.

జవాబు ఇలా రాయండి

దీర్ఘకాలిక కారణాలు, తక్షణ సంక్షోభం, చివర్లో నాయకులు తీసుకున్న నిర్ణయం. ఈ మూడూ వరసలో పెట్టి, ఒక్కోదానికి ఒక తేదీ జోడిస్తే చాలు.

ఇంకో మాట. ఆఫర్‌ లెటర్‌ కోసం ఏడాదికి పైగా ఎదురుచూసిన రోజుల్లో నాకూ ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోవాలనిపించేది. అలాంటప్పుడు ‘నీ ఉద్యోగం పోయింది ఫలానా వాళ్ల వల్లే’ అని ఎవరైనా చెబితే ఇట్టే నమ్మేస్తాం. 1931లో ఆ జర్మన్‌ విద్యార్థులూ మన వయసువాళ్లే.