వజ్రాల నేలలో పూల వెతుకులాట

ముంగారు తొలి వాన పడిందంటే చాలు, మా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తిరునాళ్లకు వచ్చినట్టు పోగవుతారు. వాన కడిగిన మట్టిలో వజ్రం మెరుస్తుందేమోనని తల వంచుకుని నడుస్తారు. ఆ రోజుల్లో నేనూ తల వంచుకునే నడుస్తాను, కోడుమూరు చుట్టూ ఉన్న గరుసు తిప్పల మీద. నేను వెతికేది విష్ణుక్రాంతం పువ్వు. చిటికెనవేలి గోరంత నీలం. పొద్దున్నే వెళ్తేనే కనబడుతుంది, ఎండ ముదిరితే ముడుచుకుపోతుంది.

మాది గొర్రెలు కాసిన ఇల్లు. నేను చదువుకుని హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. ఆ చదువు నాకు నేర్పని సంగతి ఒకటుంది. ఊళ్లో అందరం "బీడు" అని తీసిపారేసే నేల నిజానికి ఖాళీ నేల కాదు.

ఒక వానాకాలం ఉదయం బీట్లో మోకాళ్ల మీద కూర్చుని చూడండి. వెంపలి, తుమ్మి, రత్నపురుష, గడ్డి మధ్య గాడిదగడపాకు. ఈ చివరిదాన్ని గొర్రె కూడా ముట్టదు, అంత చేదు. నలుపు మీద ఎర్రచుక్కల క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుక మాత్రం వెతికి వెతికి దాని మీదే గుడ్లు పెడుతుంది. పురుగు ఆ ఆకు తిని, దానిలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అందుకే రెక్కలొచ్చాక పిట్టలు దాని జోలికి పోవు. జిల్లేడు తిని పెరిగే ప్లెయిన్ టైగర్‌దీ ఇదే కథ. పాయలకూర తిని పెరిగే మరో జాతిలో ఆడది ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని బతికేస్తుంది. రెక్కలు విప్పినా రూపాయి బిళ్ల దాటని గ్రాస్ జ్యువెల్ నేలకు జానెడెత్తులోనే తిరుగుతుంది. ఒక్కో పురుగుకు పడేవి కొన్ని ఆకులే. ఆ మొక్కలు పోతే సీతాకోకచిలుక వేరేవాటితో సర్దుకోదు, ఆ చోటు నుంచి పోతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట పిల్లలను వెంటబెట్టుకుని ఒక గడ్డి తిప్ప మీద గుంతలు తవ్వించాను. కానుగ, వేప నాటాం. మంచి పని చేశామని పొంగిపోయాను. గుంత తవ్వుతున్న ఒక పిల్లవాడు "సార్, ఉల్లిగడ్డ!" అంటూ పిడికిలంత గడ్డ తెచ్చాడు. చూసి పక్కన పడేయమన్నాను. అది నక్క ఉల్లిగడ్డ. ఏడాదిలో చాలా నెలలు నేలలో దాక్కుని, ఆకు కూడా రాకముందే ఒంటికాడ మీద పూసే మొక్క. మరుసటి ఎండాకాలానికి మా మొక్కలు మాడిపోయాయి. తిరగేసిన మట్టిలో వయ్యారిభామ మొలిచింది. గడ్డి మాత్రం ఆ గుంతల్లోకి ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

పచ్చదనమంటే చెట్టేనన్న నమ్మకం నాతో మొదలైంది కాదు. సర్కారు తుమ్మ ఎక్కడో మెక్సికో వైపు మొక్క. 1877 ప్రాంతంలో దాని విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారు. వంటచెరుకుకు, ఎడారికి అడ్డుకట్టకు పనికొస్తుందనుకున్నారు. దాని తియ్యటి కాయను గొర్రెలు, పశువులు తింటాయి. గింజ అరగదు, పేడతో పాటు బీడంతా మొలుస్తుంది. దాని నీడలో మన గడ్డి బతకదు.

"బీడు" అన్న పేరు చేసిన కీడు కూడా తక్కువ కాదు. ఇలాంటి నేలలు చాలావరకు సర్కారు లెక్కల్లో బంజరుగానే నమోదయ్యాయి. 2022లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం దేశం నేలలో దాదాపు పదో వంతు ఇలాంటి మెట్ట బయళ్లే. వాటిలో అభయారణ్యాల రక్షణ ఉన్నది నూటికి ఐదు పాళ్లు కూడా లేదు.

ఆ కాస్తలో మన రోళ్లపాడు ఒకటి. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. అక్కడ కృష్ణజింకలు పెరిగాయి. బట్టమేక మాత్రం ఇప్పుడు కనబడటమే గగనం. అది కంచె లోపల ఇమిడే పిట్ట కాదు. చుట్టూ ఊళ్ల బీళ్లు కూడా దానికి కావాలి. ఆ బీళ్లు కాలువ నీళ్ల కింద పొలాలయ్యాయి. రైతును తప్పు పట్టలేం, నీళ్లొస్తే ఎవరైనా దున్నుతారు. కానీ దున్నని నేల కొంతైనా మిగలాలి.

అలాగని మిగిలిన నేలకు కంచె వేసి తాళం పెడితే చాలదు. ఇంగ్లండులో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉండేది. పట్టుకునేవాళ్ల వల్లే తగ్గుతోందని కంచెలు కట్టారు. అయినా 1979లో అది ఆ దేశంలో అంతరించింది. కారణం జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. దాని పురుగును ఒక రకం ఎర్రచీమ తన పుట్టలోకి మోసుకుపోతుంది, అది అక్కడే పెరుగుతుంది. ఆ చీమకు ఎండ తగిలే వెచ్చటి నేల కావాలి. పశువులను మేపడం తగ్గింది, గడ్డి కొరికే కుందేళ్లు జబ్బుతో చచ్చాయి. గడ్డి ఏపుగా పెరిగి నేల చల్లబడింది, చీమ పోయింది, దాని వెంటే సీతాకోకచిలుకా పోయింది. తిరిగి పశువులను మేపి, 1983 నుంచి స్వీడన్ పురుగులను తెచ్చి వదిలితే మళ్లీ నిలదొక్కుకుంది.

అది చదివినప్పుడు మా పెద్దనాయన గుర్తొచ్చాడు. మందను ఒకచోట రెండు రోజులకు మించి నిలిపేవాడు కాదు. "గడ్డి ఊరికే రాదు నాయనా. గొర్రె తిన్నది పోను ఇత్తనానికి మిగలాల" అనేవాడు.

మా వాటా రెండెకరాల తిప్ప మీద ఆయన మాటే పాటించాను. వేసవిలో, కాయ రాలకముందే సర్కారు తుమ్మను మొదలుతో సహా పెకలించాం. పైపైన నరికితే నాలుగింతలై చిగురిస్తుంది. పక్క బీట్లో పండిన గడ్డి కంకులు దూసి, ముంగారుకు ముందు చల్లాం. దున్నలేదు, గుంత తవ్వలేదు. గింజ రాలేదాకా మంద తోలలేదు, రాలాక తోలాం. గిట్టలు గింజను నేలలోకి తొక్కాయి. మొదటి ఏడు అక్కడక్కడా గడ్డి. రెండో ఏడు వెంపలి, విష్ణుక్రాంతం. మూడో ఏడు గాడిదగడపాకు వెనక్కి తిప్పి చూస్తే, ముళ్లలాంటి బుడిపెలున్న ముదురు రంగు క్రిమ్సన్ రోజ్ పురుగు తింటూ కనబడింది.

నక్క ఉల్లిగడ్డ ఇంకా రాలేదు. గుంత తవ్వని చోట గడ్డి మూడేళ్లలో వస్తుంది కానీ, ఒకసారి పెకలించిన గడ్డలు తిరిగి ఊరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అందుకే ఉన్నదాన్ని కాపాడుకోవడం ముందు, పోయినదాన్ని తెచ్చుకోవడం తర్వాత.

2026ను ఐక్యరాజ్యసమితి మేతభూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. మీ ఊరి బీట్లో ఏ పని తలపెట్టినా, దానికి ముందు ఒక వానాకాలం ఉదయం మీ గొర్రెల కాపరిని తోడు తీసుకుని ఆ నేలంతా నడవండి. గడ్డపార తర్వాత పట్టుకోవచ్చు. ఆ రోజు పక్కన పడేయమన్న ఉల్లిగడ్డ గురించి, ఆ పిల్లవాడికి నేను ఇంతకంటే చెప్పగలిగింది లేదు.